పదో చుక్క

శనివారం పొద్దున పదీ ఇరవైకి అజీజా క్లాసు గుమ్మంలో నిలబడి, "లోపలికి రావచ్చా సిస్టర్?" అని అడిగింది. కృపావతి తలెత్తి చూడలేదు. రిజిస్టరు తెరిచి, అజీజా పేరుకు ఎదురుగా నల్లసిరాతో ఒక చుక్క పెట్టి, అద్దుడు కాగితం అద్ది, "తొమ్మిది" అంది.

మిగిలిన ఐదుగురు అమ్మాయిలూ ఒళ్లో పుస్తకాలకేసి చూస్తూ కూర్చున్నారు. పది చుక్కలైతే పేరు కొట్టేస్తారని అందరికీ తెలుసు. అరబ్బు రేవుపట్నం మత్రాలో, ఆస్పత్రి వెనక ఈ నర్సింగ్ స్కూలు తెరిచి ఆర్నెల్లయింది. ఆ ఆరుగురే మొదటి బ్యాచి. ఒకరి పేరు కొట్టేస్తే ఐదుగురే మిగులుతారు.

"జ్వరంలో ఒంట్లో నీరు తగ్గితే కనిపించే గుర్తులు చెప్పు" అంది కృపావతి.

అజీజా చేతులు వెనక్కి కట్టుకుని నిలబడింది. నాలుక పిడచగట్టడం దగ్గర మొదలుపెట్టి, కళ్లు లోతుకు పోవడం, చర్మం గిల్లి వదిలితే ముడత అలాగే ఉండిపోవడం, మూత్రం తగ్గడం, చివరకి మగత కమ్మడం దాకా ఒక్క మాట పొల్లుపోకుండా ఇంగ్లీషులో అప్పజెప్పింది. పరుగెత్తి వచ్చిన ఆయాసం ఇంకా తీరలేదు. ముంజేతుల మీద నీటిచుక్కలు మెరుస్తున్నాయి.

పదింటి విరామాన్ని అరగంట నుంచి పావుగంటకి తగ్గించిన ఈ తొమ్మిది రోజులుగా, ఇంత చదివే పిల్ల దాన్ని ఇరవై నిమిషాలు ఎందుకు చేస్తుందో కృపావతికి అంతుపట్టలేదు. ఎన్నిసార్లు అడిగినా "తప్పయింది సిస్టర్" అనడమే తప్ప కారణం చెప్పదు. ఆరుగురిలో కృపావతికి ముద్దొచ్చేది అజీజాయే. సూది గుచ్చేముందు పేషెంటు చెయ్యిని అరచేత్తో ఒకసారి నిమిరి గానీ గుచ్చదు. అది ఎవరూ నేర్పింది కాదు. ఆ ముద్దు బయటపడకూడదనే, అజీజాకి చుక్క పెట్టేటప్పుడు కృపావతి చెయ్యి ఇంకాస్త గట్టిగా నొక్కేది.

సాయంత్రం నాలుగింటికి హాస్టలు వరండాలో టీ. ప్రిన్సిపాలు మిస్ హోల్‌బ్రుక్ శనివారాలు పిల్లలతోబాటే కూర్చుంటుంది. అరవై ఏళ్ల అమెరికన్ ఆవిడ. స్కూలు నియమాల పుస్తకాన్ని, ముత్తాత చదివిన కాలేజీ పద్ధతులు చూసి తనే రాసింది. నూటయాభై ఏళ్ల కిందటి ఆ కాలేజీ కబుర్లు చెప్పడమంటే ఆవిడకి మహా సరదా. ఆవిడ ఇంగ్లీషులో చెబుతుంటే కృపావతి హిందీలో చెప్పేది. అజీజా వాళ్లు మత్రాలో తరతరాలుగా ఉంటున్న బలూచీలు, హిందీ ఇంట్లో మాటలాగే వచ్చు. జాంజిబారు నుంచి తిరిగొచ్చిన కుటుంబంలోని సలీమా, ఇంగ్లీషు తనే అందుకుని మిగతావాళ్లకి అరబ్బీలో అందించేది.

"పొద్దున ఐదింటికి గంట" అంది మిస్. "చలికాలం గదిలో కూజా నీళ్లు గడ్డకట్టి ఉండేవి. కుర్రాళ్లు ఆ మంచు పగలగొట్టి మొహాలు కడుక్కునేవాళ్లు. కొవ్వొత్తి వెలుగులో ప్రార్థన. తరవాత లాటిన్ పాఠం, ఒక్కొక్కడూ లేచి నిలబడి అప్పజెప్పాలి. అప్పుడు గానీ నాలుగు రొట్టెముక్కలు పెట్టేవారు కాదు. ఆ రొట్టెలు కూడా నిన్నటివి."

"రోజూ మంచుగడ్డ! ఊరికే!" అంది సలీమా. మత్రా బజారులో మే నెలలో మంచుగడ్డ కోసం గోనెపట్టాలు పట్టుకుని నిలబడే జనం గుర్తొచ్చి అమ్మాయిలంతా గొల్లుమన్నారు. మిస్ కూడా నవ్వింది.

"ఆ కుర్రాళ్లు ఎప్పుడూ తిరగబడలేదా?" అని అడిగింది అజీజా.

"ఒకసారి తిరగబడ్డారు. ఒక కుర్రాణ్ణి అన్యాయంగా పంపించేశారని, మర్నాడు క్లాసులో ఎవరూ నోరు విప్పలేదు. లాటిన్ లేదు, గ్రీకు లేదు. వరసగా లేచి నిలబడ్డం, కూర్చోవడం. మా ముత్తాత కూడా వాళ్లలో ఉన్నాడు. కాలేజీ వాళ్లందర్నీ ఇళ్లకు పంపించేసింది."

"ఆ తరవాత?"

"మూడు వారాలకి మళ్లీ పిలిచింది. పిల్లలు లేకుండా కాలేజీ ఎలా నడుస్తుంది?"

కృపావతి ఆ చివరి వాక్యాన్ని హిందీలో చెప్పలేదు. కానీ సలీమా దాన్ని అరబ్బీలో చెప్పేసింది.

ఆదివారం పొద్దున ఆడవాళ్ల వార్డులో పక్కలు వెయ్యడం. మంచానికి ఇద్దరు. పాత దుప్పటి లాగి, రబ్బరుషీటు తుడిచి, కొత్త దుప్పటి పరిచి, మూలలు కవరు మడతలా మడిచి పరుపు కిందికి తొయ్యాలి. దిండు గలీబు తొడిగేటప్పుడు దిండుని ఛాతీకి ఆనించుకోకూడదు. బయటి క్రిములు ఒంటికీ, ఒంటివి దిండుకీ అంటుకుంటాయని కృపావతి వందసార్లు చెప్పింది.

మూడో మంచం దగ్గర అజీజా దిండుని రెండు చేతులా గుండెలకి అదుముకుని నిలబడి ఉంది. గలీబు పక్కనే పడుంది. అవతలి మంచం మీద ఒకామె చంటిపిల్లాడు గుక్కపట్టి ఏడుస్తున్నాడు.

"అజీజా, దిండు దించు."

అజీజా కదల్లేదు.

"దించమన్నానా!"

అజీజా మెల్లగా దిండు దించింది. నీలం గౌను మీద, ఆప్రాను పట్టీలకి అటూ ఇటూ, నిమ్మకాయంత తడిమచ్చలు రెండు. పిల్లాడి ఏడుపు పెరిగినకొద్దీ అవి పెరుగుతున్నాయి.

పదిహేనేళ్ల సర్వీసులో కృపావతి పురుళ్ల వార్డులోనే ఐదేళ్లు చేసింది. ఆమెకి ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేదు. ఒక్క క్షణం ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. కృపావతి చేతిలోని శుభ్రమైన దుప్పటిని అజీజా చేతుల్లో, ఆ మచ్చలు కప్పేలా పెట్టి, "వెళ్లి ఆప్రాను మార్చుకో" అంది. ఎందుకలా అందో ఆమెకే తెలీదు.

పదింటి గంట కొట్టగానే కృపావతి మేడమీద బట్టల గదిలోకి వెళ్లి కిటికీ రెక్క ఓరగా తెరిచింది. కింద చాకిరేవు బండలు, వెనక గేటు. గేటుమనిషి అబ్దుల్ వహాబ్ తన స్టూలుని తిప్పి, రోడ్డుకేసి మొహం పెట్టి కూర్చున్నాడు. కుళాయి దగ్గర సలీమా ఒకటే బెడ్‌పాన్‌ని కడిగిందే కడుగుతోంది. బండ మీద, ఎర్రదారంతో కుట్టుపని చేసిన బలూచీ గౌనులో ఒక ముసలామె కూర్చుని ఉంది. ఆమె పక్కనే అజీజా, ఒళ్లో పాప.

పాప పాలు తాగుతోంది. అజీజా ఒక చేత్తో పాప తలపట్టి, రెండో చేత్తో నోటుబుక్కు పైకెత్తి పట్టుకుంది. పెదవులు కదులుతున్నాయి. ఇవాళ్టి పాఠం వల్లెవేస్తోంది. ముసలామె మధ్యమధ్య ముసుగుకొంగుతో మనవరాలి మెడ మీద చెమట తుడుస్తోంది. పావుగంట కాగానే పాపని ముసలామె భుజానేసుకుని వీపు రాసింది. అజీజా గౌను గుండీలు పెట్టుకుని కుళాయి దగ్గరికి పరుగెత్తింది.

అక్కడినుంచి నేరుగా క్లాసుకి పరుగెత్తి ఉంటే సరిగ్గా సమయానికే చేరేది. కానీ సబ్బు తీసుకుని మోచేతుల దాకా రుద్దడం మొదలుపెట్టింది. వేళ్ల సందులు, గోళ్లు, మణికట్లు. పసిపిల్లల దగ్గరినుంచి వచ్చినా, పసిపిల్లల దగ్గరికి వెళ్లినా చేతులు ఐదు నిమిషాలు కడగాలని కృపావతే నేర్పింది. గడియారం లేదు కాబట్టి అజీజా పైకి లెక్కపెడుతోంది. మూడు వందల దాకా లెక్కపెట్టి గానీ కుళాయి కట్టలేదు.

ఆ రోజు కృపావతే క్లాసుకి పదిన్నరకి వెళ్లింది. రిజిస్టరు తెరవలేదు.

మధ్యాహ్నం క్వార్టర్సులో లీలాకుమారి సొరచేప పిట్టు వండింది. లీల కృపావతి కన్నా నాలుగేళ్లు చిన్న. ఇద్దరిదీ నరసాపురం వైపే. ఇక్కడ పురుళ్ల వార్డు లీలది.

"అజీజాకి పాపుందే, లీలా" అంది కృపావతి కంచంలో చెయ్యి పెట్టకుండా.

"ఏడు నెల్లు. పేరు షంసా" అంది లీల.

"నీకెప్పట్నించి తెల్సు?"

"జనవరి నించి. జలుబు చేస్తే వాళ్ల నానమ్మ నాదగ్గరికే ఎత్తుకొచ్చింది. మొగుడు అబూదాబీలో పట్టాళంలో ఉన్నాడంట. మిగతా పూటలు మేకపాలు పడతారంట. ఈ ఒక్కపూటే తల్లిపాలు."

"మరి నాతో ఓ మాట చెప్పలేదేం?"

లీల మజ్జిగ గ్లాసు ముందుకి జరిపింది. "నీతో చెప్తే ఏం చేస్తావక్కా? చుక్క పెడతావు."

కృపావతి కంచం పక్కకి జరిపింది. వార్డంతటికీ, గేటుమనిషికీ, ఐదుగురు పిల్లలకీ తెలిసిన సంగతి తనకొక్కదానికీ, మిస్‌కీ తెలీదు. పెళ్లైనవాళ్లకీ పిల్లలున్నవాళ్లకీ స్కూల్లో చోటు లేదన్నది నియమాల పుస్తకంలో రెండోది. చెబితే అజీజా ఇవాళే ఇంటికి పోవాలి. చెప్పకపోతే తను మిస్ దగ్గర దాచినట్టు. చివరికి ఆమె, తనకేమీ తెలియనట్టే ఉండి రోజూ పదిన్నరకి క్లాసుకి వెళ్లాలని తీర్మానించుకుంది. అలా ఎన్నాళ్లు గడుస్తుందో ఆలోచించలేదు.

ఒక్కరోజు కూడా గడవలేదు. సోమవారం తొమ్మిదింటికి, ఖర్జూరపు దుంగ మీదపడి తొడ విరిగినవాణ్ణి తెచ్చారు. ఆపరేషను గదిలో చెయ్యి తక్కువై కృపావతిని పిలిచారు. పన్నెండింటికి చేతితొడుగులు తీసి బయటికొస్తే, వరండాలో సలీమా గోడకానుకుని నిలబడి ఉంది. ఆ పిల్ల కళ్లు వాచి ఉన్నాయి.

"ఇవాళ క్లాసు మిస్ తీసుకున్నారు, సిస్టర్. అజీజాకి పదో చుక్క."

మంగళవారం మిస్ హోల్‌బ్రుక్ రిజిస్టరు చంకలో పెట్టుకుని తనే క్లాసుకి వచ్చింది. అజీజా బెంచీ ఖాళీగా ఉంది. హాస్టల్లో బట్టలు సర్దుకోమని ఆవిడే చెప్పింది. పాఠం అయ్యాక పేరు కొట్టేసే సంగతి చదువుతుంది. కృపావతి పక్కన నిలబడింది, హిందీలోకి మార్చి చెప్పడానికి.

"సలీమా, నాడి చూసే చోట్లు చెప్పు."

సలీమా లేచి చేతులు వెనక్కి కట్టుకుని నిలబడింది. ఏమీ చెప్పలేదు. గోడ గడియారం టిక్కుటిక్కుమంది. ఒక నిమిషమయ్యాక కూర్చుంది. మిస్ తరవాతి అమ్మాయిని లేపింది. ఆ పిల్లా అంతే. మూడో అమ్మాయి, నాలుగో అమ్మాయి. ఐదో అమ్మాయి అందరికన్నా చిన్నది, పదిహేడేళ్లు. అదీ పెదవి విప్పలేదు.

మిస్ మెడ మీద మొదలైన ఎరుపు చెవుల దాకా పాకింది. "ఇది మీకెవరు నేర్పారు?" అంది.

కృపావతి ఆ ప్రశ్నని హిందీలోకి మార్చేలోగానే, సలీమా నెమ్మదిగా ఇంగ్లీషులో, "మీరే, మిస్" అంది. ఎగతాళి కాదు. అడిగారు కాబట్టి చెప్పింది.

మిస్ రిజిస్టరు మూసి బయటికి నడిచింది. కృపావతి వెనకాలే వెళ్లింది.

ఆఫీసు గదిలో ఫ్యాను పెద్దగా చప్పుడు చేస్తోంది. కృపావతి కూర్చోలేదు.

"ఆ అమ్మాయి రోజూ ఎందుకు ఆలస్యంగా వస్తోందో నాకు తెలుసు, మిస్. ఆదివారమే తెలిసింది. మీకు చెప్పకపోవడం నా తప్పు. ఆమెకో పాప ఉంది. ఏడు నెలలు. పదింటికి వెనకగేటు దగ్గర పాలిస్తోంది."

మిస్ రిజిస్టరుని బల్ల మీద పెట్టింది. తరవాత సొరుగు తెరిచి ఒక ఫైలు తీసింది. "ఆలస్యమంటే సర్దుకోవచ్చేమో, కృపా. అబద్ధంతో సర్దుకోలేను." దరఖాస్తు కాగితాన్ని బల్ల మీద కృపావతి వైపు తిప్పింది. "చూడు. పెళ్లి, కాలేదు. పిల్లలు, లేరు. కింద సంతకం పెట్టింది."

కృపావతి చూసింది. కింద అరబ్బీ అక్షరాల్లో అజీజా సంతకం, చిన్నపిల్ల రాతలా వంకరగా ఉంది. పైన ఇంగ్లీషు రాత గుండ్రంగా, నీలిసిరాతో, ప్రతి పదం చివరి అక్షరానికీ కాస్త తోక.

ఆ తోక తనదే.

డిసెంబరులో ఆ రోజు వరండాలో బల్ల వేసుకుని కూర్చుంది. పద్నాలుగు మంది వచ్చారు. పేరేంటి, తండ్రి పేరేంటి, వయసెంత, ఏం చదివావు. అంతే అడిగింది. ఎంపికైన ఆరుగురి కాగితాలూ సాయంత్రం ముందేసుకుని, మిగిలిన గడులన్నీ తనే వరసగా నింపేసింది. కాలేదు, లేరు. కాలేదు, లేరు. మర్నాడు సంతకాలు పెట్టించింది. అందులో ఏముందో సలీమా తప్ప వాళ్లెవరూ అప్పటికి చదవలేరు.

"ఇది నా చేతిరాత, మిస్."

"రాసింది నువ్వే కావచ్చు. చెప్పింది ఆమె కదా?"

"చెప్పలేదు. నేను అడగలేదు."

మిస్ కళ్లజోడు తీసింది. "మొదటిరోజు నేను నియమాలు చదివాను. అప్పుడైనా..."

"మీరు ఇంగ్లీషులో చదివారు. హిందీలో చెప్పింది నేను. రెండోది వచ్చేసరికి, వీళ్లంతా పెళ్లికానివాళ్లే కదా అని దాటేశాను." కృపావతి దరఖాస్తు మీద తన రాతని వేలితో చూపించింది. "ఆ పిల్ల నాకు అబద్ధం చెప్పిందని రెండు రోజులుగా లోలోపల మండిపడుతున్నాను. నేనే ఆమె చేత అబద్ధం మీద సంతకం పెట్టించాను. పంపాలంటే నన్ను పంపండి."

 మిస్ దరఖాస్తుని తన వైపు తిప్పుకుని మళ్లీ చదివింది.

"ఇచ్చిన విరామం పావుగంట. పాలివ్వడానికి పావుగంట పడితే ఇంకో ఐదు నిమిషాలు ఎందుకు?"

"చేతులు కడుక్కోడానికి. మోచేతుల దాకా. మూడు వందలు లెక్కపెడుతుంది."

"ప్రతిరోజూనా?"

"ప్రతిరోజూ."

మిస్ కుర్చీలో వెనక్కి వాలింది. "ముప్పై ఏళ్లలో నాతో పనిచేసిన డాక్టర్లు సగంమంది వంద దాకా కూడా లెక్కపెట్టలేదు" అంది తనలో తను అనుకున్నట్టు. తరవాత రిజిస్టరు తెరిచి, నిన్న తను పెట్టిన చుక్క మీద అడ్డగీత గీసి, పక్కన పొడి అక్షరాలు వేసింది. "రెండో నియమం నా ఒక్కదాని చేతిలో లేదు. స్కూలు కమిటీ సెప్టెంబరులో కూర్చుంటుంది, వాళ్లకి రాస్తాను. అప్పటిదాకా పదిగంటలకి ఆ అమ్మాయి ఎక్కడుంటుంది? రోజూ వెనకగేటు దగ్గరా?"

"టైంటేబులు వేసేది నేనే కదా, మిస్. పసిపిల్లల పెంపకం పాఠాన్ని వచ్చే టర్ములో పెట్టాం. దాన్ని ముందుకి తెస్తాను. రోజూ పదినుంచి పదిన్నర దాకా, లీలాకుమారి వార్డులో. రబ్బరుబొమ్మతో కాకుండా, పిల్లతోనే."

మిస్ ఆ కాగితం అప్పటికప్పుడే రాయించి సంతకం చేసింది. కృపావతి తలుపు దాకా వెళ్లాక, "పాప బరువెంతో చూసి నాకు చెప్పు" అంది.

హాస్టల్లో అజీజా మంచం మీద పరుపు చుట్టచుట్టి, నీలం గౌన్లు రెండూ ఇస్త్రీ మడతలు చెదరకుండా పెట్టి కూర్చుని ఉంది. ఏడవడం లేదు. కృపావతిని చూసి లేచి నిలబడింది, చేతులు అలవాటుగా వెనక్కి వెళ్లాయి.

"మీరు అడిగితే చెప్పేదాన్ని, సిస్టర్. ఇక్కడ పిల్లలు ఉండకూడదని నాకు ఫిబ్రవరి దాకా తెలీదు. సలీమా పుస్తకం చదివి చెప్పింది. అప్పటినుంచి భయం."

"తెలుసు. అడగాల్సింది నేను. అడగకుండా రాసేశాను." కృపావతి ఆమె చేతులు రెండూ ముందుకి లాగి పట్టుకుంది. సబ్బుకి చర్మం మోటుగా, గరుగ్గా అయింది. "నన్ను క్షమించు, అజీజా. పరుపు పరిచెయ్యి. రేపు పదింటికి మీ నానమ్మని ముందుగేటు నుంచి రమ్మను."

అజీజా పరుపు విప్పింది. దుప్పటి వేస్తుంటే కృపావతి రెండోవైపు నిలబడి మూల మడిచింది. ఇద్దరూ నాలుగు మూలలూ మడిచారు. చివరి మూల దగ్గర అజీజా దుప్పటిలో మొహం దాచుకుంది.

బుధవారం పదింటికి అబ్దుల్ వహాబ్ ముందుగేటు రెండు రెక్కలూ బార్లా తీసి, ముసలామెని పురుళ్ల వార్డు దాకా తనే దగ్గరుండి తీసుకొచ్చాడు. వార్డు మధ్యలో బల్ల, బల్ల మీద ఎనామిల్ బేసిను, గోరువెచ్చని నీళ్లు, తువ్వాలు. చుట్టూ ఆరుగురు. మంచాల మీది బాలింతలు ఐదుగురూ మోచేతుల మీద లేచి చూస్తున్నారు.

పాలు తాగడం అయ్యాక స్నానం పాఠం. కృపావతి రబ్బరుబొమ్మ మీద వందసార్లు చూపించినట్టే, ఎడంచెయ్యి పాప మెడ కిందికి పోనిచ్చి, కుడిచెయ్యి కాళ్ల కింద పెట్టి ఎత్తింది. షంసా ఒళ్లు విరుచుకుని కేకలు లంకించుకుంది. రబ్బరుబొమ్మ ఎప్పుడూ అలా చెయ్యలేదు. నీళ్లు చింది కృపావతి టోపీ దాకా ఎగిరాయి.

కుర్చీలోంచి ముసలామె బలూచీలో ఏదో గదమాయించింది. అమ్మాయిలు పెదవులు బిగబట్టారు.

"ఏమంటున్నారు?" అంది కృపావతి.

అజీజా ఎర్రబడింది. "మీరు పట్టుకున్నది పిల్లనా, చేపనా అంటోంది సిస్టర్."

లీల మందుల బీరువా వెనక్కి వెళ్లి నవ్వింది. ముసలామె లేచొచ్చి, కృపావతి మణికట్టు పట్టుకుని కాస్త పైకి జరిపి, మోచెయ్యి ఒంటికి ఆనించి, ఇలా అన్నట్టు తల ఊపింది. పాప ఏడుపు ఆపి, నీళ్లని అరచేత్తో కొట్టడం మొదలెట్టింది.

"పాలు ఎందుకు ఇవ్వాలో ఇప్పుడు చెప్పు, అజీజా" అంది కృపావతి. అజీజా చేతులు వెనక్కి కట్టుకుని, పుస్తకంలోని ఇంగ్లీషు వాక్యం మొదలుపెట్టి, ఆగింది. బాలింతల వైపు తిరిగింది. అరబ్బీలో, బలూచీలో కలగలిపి మాట్లాడడం మొదలెట్టింది. చేతులు ముందుకొచ్చాయి, ఎత్తుకోవడం చూపించాయి, ఛాతీ చూపించాయి. మూడో మంచం మీదామె ఏదో అడిగింది, అజీజా జవాబు చెప్పింది, ఇంకో ఆమె నవ్వింది. కృపావతికి సగం అర్థం కాలేదు. ఆపలేదు.

వొళ్లు తుడిచి, పౌడరు రాసి, తువ్వాలు చుట్టేసరికి షంసా కళ్లు మూతలు పడుతున్నాయి. ముసలామె పాపని తీసుకెళ్లి తల్లికివ్వలేదు. కుర్చీ కృపావతి వైపు తోసి, ఆమెని కూర్చోబెట్టి, గంజి పెట్టిన ఆ తెల్లటి ఒళ్లో పాపని పడుకోబెట్టి, తను తలుపు దగ్గర నేల మీద కూర్చుని ముసుగు సర్దుకుంది. నాలుగు మైళ్లు నడిచొచ్చిన మనిషి, ఐదు నిమిషాల్లో ఆమె కూడా కునుకు తీసింది.

పదిన్నర దాటింది. తరవాత ఎముకల పాఠం, అది క్లాసు గదిలో. కృపావతి లేవబోయింది. పాప ఆమె ఆప్రాను పట్టీని పిడికిట్లో పట్టుకుని ఉంది.

"ఇక్కడే చెప్పుకుందాం" అంది గొంతు తగ్గించి. "సలీమా, పుర్రె నుంచి మొదలుపెట్టు. మెల్లిగా."

సలీమా మెల్లిగా మొదలుపెట్టింది. ఆమె ఆగినచోట అజీజా అందుకుంది. కారిడారులో బూట్ల చప్పుడు దగ్గరికొచ్చి, గుమ్మం దగ్గర ఆగి, మునివేళ్ల మీద వెనక్కి వెళ్లిపోయింది. ఆరుగురూ కుర్చీ చుట్టూ వంగి, పాప నిద్ర చెడకుండా, గుసగుసగా రెండు వందల ఆరు ఎముకల పేర్లూ అప్పజెప్పారు.